వంటగట్టు మీద ప్లాస్టిక్ పళ్ళు చెక్కుకుంటున్న దంతవైద్యులకు ఒక గది ఇవ్వండి

అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

2022 వేసవిలో డాలస్ దగ్గర మీలో ఒక సంఘం ఉచిత వైద్యశిబిరం పెట్టింది. పళ్ళు చూసే గది బయట బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకునే పని నాకిచ్చారు. కొడుకు దగ్గరికి వచ్చి నాలుగు నెలలైన ఒక పెద్దాయన చెంప పట్టుకుని నా ముందు కూర్చున్నారు. కింద కుడివైపు దవడ పన్ను. రాత్రిళ్ళు పడుకుంటే నొప్పి ఎక్కువవుతోందని, చన్నీళ్ళు తాగితే కాసేపు హాయిగా ఉంటోందని చెప్పారు. ఆ రెండు ముక్కలు చాలు, పంటి లోపల నరం సంగతి ఎంతవరకు వచ్చిందో నాకు తెలిసిపోయింది. కానీ కాగితం మీద పేరు, వయసు, బీపీ, షుగరు రాసుకుని, “లోపల డాక్టరుగారు చూస్తారు బాబాయిగారూ, కూర్చోండి” అన్నాను.

“నువ్వేం చదివావమ్మా?” అనడిగారు ఆయన.

“బీడీఎస్ అండీ.”

“మరి బయట కూర్చున్నావేం?”

ఆ బల్ల దగ్గర మేం ముగ్గురం ఉన్నాం. ముగ్గురమూ దంతవైద్యం చదివిన బీడీఎస్‌లమే. ఒకమ్మాయిది వరంగల్, ఇంకొకామెది కాకినాడ, నాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఆయనకు ఆ పూట సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. వెనక వరసలో జనం ఉన్నారు. ఆ జవాబు ఇప్పుడు మీకు రాస్తున్నాను, ఎందుకంటే అందులో మీరు చేయగలిగింది చాలా ఉంది.

మన దగ్గర హౌస్ సర్జన్సీతో కలిపి ఐదేళ్ళు చదివి, ఊళ్ళో రెండేళ్ళు క్లినిక్ నడిపి వచ్చినా, ఇక్కడ చాలా రాష్ట్రాల్లో ఆ డిగ్రీ మీద లైసెన్సు రాదు. ఇక్కడి గుర్తింపు ఉన్న డెంటల్ స్కూల్లో మళ్ళీ చేరాలి. దాన్ని అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ అంటారు. రెండు నుంచి మూడేళ్ళు పడుతుంది. ఫీజు రెండు లక్షల డాలర్లు దాటడం మామూలే. అందులో సీటు కోసం కాపిడ్ అనే ఉమ్మడి పోర్టల్లో దరఖాస్తు పెట్టాలి. దానికి ముందు మార్కుల జాబితాలు మదింపు చేయించుకోవాలి, టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష రాయాలి, ఐఎన్‌బీడీఈ అనే జాతీయ దంతవైద్య పరీక్ష పాసవ్వాలి. ఆ తర్వాత స్కూలు పిలిస్తే బెంచ్ టెస్టు (ప్లాస్టిక్ పళ్ళ మీద చేతి పని పరీక్ష), ఇంటర్వ్యూ.

పెళ్ళిచూపుల్లో మాత్రం “అక్కడ పరీక్ష ఒకటి రాస్తే చాలటండీ” అనేస్తారు. మా ఇంట్లోనూ అలాగే అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, వాళ్ళకు అంతే తెలుసు.

ఆ పరీక్ష సంగతి ముందు చెప్తాను. ఐఎన్‌బీడీఈ 2020 ఆగస్టులో మొదలైంది. అంతకుముందు రెండు భాగాలుగా ఉన్న పరీక్షల బదులు ఇదొక్కటే వచ్చింది. 500 ప్రశ్నలు. మొదటి రోజు 360, రెండో రోజు 140. చాలా ప్రశ్నలకు పక్కనే ఒక డబ్బాలో పేషెంటు వివరాలు ఉంటాయి: వయసు, వేసుకునే మందులు, ఎలర్జీలు, ఏం బాధతో వచ్చాడు అని. అవన్నీ చదివి, ఆ మనిషికి ఏం చెయ్యాలో చెప్పాలి. మనం కాలేజీలో బట్టీపట్టి రాసిన పద్ధతికి ఇది పూర్తిగా వేరు. ఐదారేళ్ళు పుస్తకం ముట్టకుండా, పిల్లల్ని పెంచుతూ ఉన్నవాళ్ళకు మొదటి నెల కళ్ళు తిరుగుతాయి.

పంటి నంబర్లే చూడండి. మనకు 46 అంటే కింద కుడివైపు మొదటి దవడ పన్ను. ఇక్కడ అదే పన్ను 30. మనకు 14 అంటే పైన కుడివైపు చిన్న దవడ పన్ను. ఇక్కడ 14 అన్నారంటే పైన ఎడమవైపు పెద్ద దవడ పన్ను. నంబరు ఒకటే, నోట్లో అటు చివర ఇటు చివర. నిద్రలో లేపి అడిగినా తప్పు రాకూడదని ఫ్రిజ్ తలుపు మీద దవడ బొమ్మ గీసి అంటించుకున్నాను. మా అబ్బాయి అంకెలు నేర్చుకున్నది ఆ బొమ్మ మీదే.

మందుల దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. గుండె కవాటం మార్పించుకున్న మనిషికి పన్ను తీసే ముందు యాంటీబయాటిక్ ఇస్తాం. పెన్సిలిన్ పడనివాళ్ళకు క్లిండమైసిన్ ఇవ్వాలని మేమందరం చదువుకున్నదే. 2021లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ మందును ఆ జాబితాలోంచి తీసేసింది. నేను ఆ ఏడాదే పరీక్షకు చదువుతున్నాను. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే నోట్సులో మాత్రం క్లిండమైసిన్ అలాగే ఉంది. కాకినాడ ఆమె ఒక రాత్రి ఫోన్ చేసి చెప్పబట్టి దిద్దుకున్నాను, లేకపోతే అదే రాసి ఉండేదాన్ని. ఒంటరిగా చదివితే ఇలాంటివి దొరకవు. ఎంత కష్టపడ్డా సరే, తప్పు నోట్సును కష్టపడి చదివితే తప్పే వస్తుంది.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. “పరీక్షలో వచ్చిన ప్రశ్నలు” అంటూ డబ్బులకు అమ్మేవాళ్ళు ఉన్నారు. పరీక్ష రాసొచ్చి ప్రశ్నలు గుర్తుపెట్టుకుని బయట చెప్పడం నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే ఫలితమే రద్దవుతుంది. భయం మీద, ఒంటరితనం మీద ఆ వ్యాపారం నడుస్తోంది. నలుగురు కూర్చుని చదువుకునే చోటు ఉంటే అటువైపు చూసే అవసరం మాలాంటి అమ్మాయిలకు ఉండదని నా గట్టి నమ్మకం.

అయినా, చదువు భాగం ఎలాగో గట్టెక్కుతాం. తెలుగువాళ్ళం, పరీక్షలు మనకు కొత్త కాదు. అసలు చిక్కు పాసయ్యాక మొదలవుతుంది. ఐఎన్‌బీడీఈలో పాసైనవాళ్ళకు మార్కులు రావు, పాస్ అని మాత్రమే వస్తుంది. అంటే దరఖాస్తు పెట్టిన వందలమందీ ఆ కాగితం దగ్గర సమానమే. ఎవరికి సీటు అనేది చాలాచోట్ల చేతి పని మీదా, ఇంటర్వ్యూ మీదా తేలుతుంది. మన దగ్గర చేతి పని చేసుకోవడానికి చోటు లేదు. ఈ ఉత్తరం మొత్తం ఆ ఒక్క మాట కోసమే.

నేను ఎలా సాధన చేశానో చెప్తాను. ప్లాస్టిక్ పళ్ళు బిగించిన దవడ బొమ్మను టైపోడాంట్ అంటారు. ఒకటి కొనుక్కుని వంటగట్టు అంచుకి క్లాంపుతో బిగించాను. చిన్న ఎలక్ట్రిక్ మోటారు, దానికి తగిలించి చేత్తో పట్టుకునే హ్యాండ్‌పీస్, ఒక డబ్బాడు పన్ను చెక్కే మొనలు, అంటే బర్‌లు. తెల్లారుజామున నాలుగింటికి, పిల్లాడు లేవకముందు మొదలుపెట్టేదాన్ని. నీళ్ళు చిమ్మే ఏర్పాటు లేదు కాబట్టి పన్ను చెక్కుతుంటే ప్లాస్టిక్ కాలిన వాసన ఇల్లంతా పట్టేది. తెల్లటి పొడి గట్టు మీద, స్టవ్ మీద, మూత సరిగా పెట్టకపోతే పోపులడబ్బాలో కూడా పడేది. ఒక ఆదివారం ఆవాలు, జీలకర్ర మొత్తం పారబోశాను. అపార్ట్‌మెంటులో పైవాళ్ళు డ్రిల్లు చప్పుడు మీద ఫిర్యాదు చేశారు. వాళ్ళది తప్పని అనను, నాలుగింటికి ఎవరికైనా చిరాకే. అప్పటినుంచి ఏడు దాటాకే చెక్కాను, పిల్లాడిని టీవీ ముందు కూర్చోబెట్టి.

ఒక్కో ప్లాస్టిక్ పన్ను కొద్ది డాలర్లే. కానీ ఒకసారి చెక్కితే అయిపోయింది, మళ్ళీ పనికిరాదు. పోయినవన్నీ ఒక హార్లిక్స్ సీసాలో వేశాను. ఆ సీసా నిండింది, రెండోది సగమైంది.

మొదటిసారి బెంచ్ టెస్టు పిలుపు వచ్చినప్పుడు ధైర్యంగానే వెళ్ళాను. 30వ పంటికి క్లాస్ టూ ప్రిపరేషన్, అంటే పక్క పన్ను ఆనుకునే వైపు ఫిల్లింగుకి గుంట చెక్కే పని, ఇచ్చారు. ఇంట్లో యాభైసార్లు చేసిన పని. తీరా కూర్చున్నాక చూస్తే టైపోడాంటు గట్టు మీద లేదు. మనిషి తలలాంటి బొమ్మలో, రబ్బరు చెంపల లోపల ఉంది. వంటగట్టు మీద నేను చెయ్యి ఎటు కావాలంటే అటు పెట్టుకుని చెక్కాను. ఇక్కడ చెంప అడ్డం, వెలుతురు తక్కువ, వేలు ఆనించుకునే చోటు వేరు. పై పళ్ళకైతే అద్దంలో చూస్తూ తలకిందులుగా చెక్కాలి. నేను తల బొమ్మ మీద పనిచేసి దాదాపు పదేళ్ళు. లోతు బాగానే వచ్చింది, గోడలు బాగానే వచ్చాయి. చివర్లో పక్క పంటికి, అంటే 29కి, బర్ అంచు తగిలింది. వెంట్రుకంత గీత. చేత్తో తడిమితే తెలియదు, దీపం కింద పన్నును కాస్త తిప్పితే మెరుస్తుంది. నిజం నోట్లో అయితే, ఒక పన్ను బాగుచేస్తూ బాగున్న పక్క పన్నును పాడుచేసినట్టు. పరీక్షకులు ముందు వెతికేదే అది. ఎవరూ ఏమీ అనలేదు. రెండు నెలల తర్వాత మూడు లైన్ల మెయిల్ వచ్చింది.

ఆ గీత ఎలా రాకుండా చూసుకోవాలో నాకు నేర్పింది ఏ కోచింగూ కాదు. ఇర్వింగ్‌లో ఉండే ఒక సీనియర్ అక్క. తను సీటు తెచ్చుకుని చదువు ముగించి, అప్పటికి ప్రాక్టీసులో ఉంది. ఒక సాయంత్రం వాళ్ళింటికి పిలిచి, నా పక్కన కూర్చుని, నా చెయ్యి చూసింది. “పక్క పన్ను దాకా బర్‌తో వెళ్ళకు. పలచని గోడ ఒకటి వదిలెయ్. చివర్లో చేతి పరికరంతో ఆ గోడని చిదిమెయ్” అంది. నా చేత చేయించింది. బియ్యపు గింజ విరిగినంత చిన్న చప్పుడుతో ఆ గోడ ఊడొచ్చింది, పక్క పన్ను మీద గీత లేదు. కాలేజీలో ఈ పద్ధతి చెప్పే ఉంటారు, మర్చిపోయి ఉంటాను. కానీ ఆ సాయంత్రం ఇరవై నిమిషాల్లో తీరిన లోపం కోసం అంతకుముందు నాకొక ఏడాది పోయింది. కాపిడ్ ఏటా ఒక్కసారే తెరుచుకుంటుంది. ఈసారి పోయిందంటే వచ్చే ఏడే. ఈలోపు టోఫెల్‌కి రెండేళ్ళు నిండితే అదీ మళ్ళీ రాయాలి.

2023లో రెండు పిలుపులు వచ్చాయి, ఒకచోట సీటు వచ్చింది. చదువు పూర్తయింది, లైసెన్సు వచ్చింది, మళ్ళీ డాలస్ వచ్చేశాను. కాబట్టి ఇది నా కోసం అడగడం లేదు. బల్ల దగ్గర నాతో కూర్చున్న వరంగల్ అమ్మాయి మూడుసార్లు దరఖాస్తు పెట్టి మానుకుంది. ఆమె చెయ్యి నా చెయ్యి కన్నా మంచిది, నేను చూశాను. ఆమె మైనంతో చెక్కిన పన్ను పక్కన నాది పెడితే ఎవరైనా ఆమెదే తీసుకుంటారు. వాళ్ళాయన ప్రాజెక్టు మారి చిన్న ఊరికి వెళ్ళారు, అక్కడ ఇలా కూర్చోబెట్టి చూపించే అక్క ఎవరూ లేరు. ఇప్పుడు ఆమె వేరే కోర్సు నేర్చుకుని వేరే ఉద్యోగం చూసుకుంటోంది. బాగానే ఉంది. నాకు మాత్రం మనసొప్పడం లేదు.

నేను మిమ్మల్ని అడుగుతున్నది ఇది. నెలకు రెండు శనివారాలు ఒక గది. మీలో చాలామందికి సొంత భవనమో, పిల్లల తెలుగు బడి నడిపే అద్దె హాలో ఉంది. అందులో గట్టి బల్లలు నాలుగు, బల్లకు బిగించే తల బొమ్మలు నాలుగు, ఎలక్ట్రిక్ మోటార్లు, మంచి దీపాలు, పొడి లాగే వాక్యూమ్. ఒక్కసారి కొంటే ఏళ్ళ తరబడి ఉంటాయి. ప్లాస్టిక్ పళ్ళు, బర్‌లు ఎవరివి వాళ్ళం తెచ్చుకుంటాం. పక్క గదిలో పిల్లల్ని చూసుకోవడానికి ఇద్దరు వాలంటీర్లు కావాలి. ఈ చివరిది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ తల బొమ్మల కన్నా ముందు ఇది కావాలి. మాలో చాలామంది చదువు ప్రణాళిక అమ్మ వీసా మీద నడుస్తుంది. అమ్మ వస్తే ఆరు నెలలుంటుంది, ఆ ఆరు నెలల్లోనే పరీక్ష తేదీ పెట్టుకుంటాం. నేను 2021లో పరీక్ష రాసింది అమ్మ తిరుగు ప్రయాణానికి తొమ్మిది రోజుల ముందు. చదువు పూర్తి కాలేదని తెలిసినా వాయిదా వేసుకోలేదు, ఆమె వెళ్ళిపోతే అసలు రాయలేను కనుక.

ఇక మనుషులు. సీటు తెచ్చుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మీ సభ్యుల జాబితాలో దంతవైద్యులు ఎవరో మీకు తెలుసు, మాకు తెలియదు. నెలకొక పూట వచ్చి పక్కన కూర్చుని చెయ్యి చూడమని మీరు అడిగితే కాదనరు. మేం అడిగితే ముక్కూ మొహం తెలియనివాళ్ళం. ఇంటర్వ్యూకి కూడా అంతే. “నీ గురించి చెప్పు” అంటే మన అమ్మాయిలు తల వంచుకుని ర్యాంకు, కాలేజీ పేరు చెప్పి ఊరుకుంటారు. ఊళ్ళో అమ్మమ్మలకు కట్టుడు పళ్ళు కట్టిన సంగతి, కరెంటు పోతే సెల్‌ఫోను వెలుతురులో కుట్లు వేసిన సంగతి చెప్పరు. అవి చెప్పొచ్చని ఎవరో ఒకరు చెప్పాలి.

ఇండియాలో కూడా మీకు మనుషులున్నారు. ఏటా డిసెంబరులో సేవా కార్యక్రమాలు చేస్తారు, జిల్లాల్లో కోఆర్డినేటర్లున్నారు. ఇక్కడి మదింపు సంస్థకు మన యూనివర్సిటీ నుంచి మార్కుల జాబితాలు నేరుగా వెళ్ళాలి. నా కోసం మా నాన్న ఆ ఆఫీసు చుట్టూ తిరిగారు. పొద్దున్నే బస్సెక్కి, మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చుని, “సంతకం పెట్టేవారు సెలవులో ఉన్నారు” అనిపించుకుని, సాయంత్రం బస్సుకి వెనక్కి. నాలుగోసారి వెళ్ళినప్పుడు పని అయింది. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. ఆ సంగతి నాకు ఫోన్లో చెప్పలేదు, తర్వాత అమ్మ చెప్పింది. ఏ కాగితం, ఏ కిటికీ దగ్గర, ఎంత ఫీజు, కవరు మీద ఏం రాయించాలి అనేది ఒక పేజీలో రాసి పెట్టి, ఊళ్ళో తెలిసిన మనిషి ఫోన్ నంబరు ఒకటి ఇస్తే చాలు, మా నాన్నలాంటివాళ్ళకు మూడు ప్రయాణాలు తప్పుతాయి.

మీరేమంటారో కొంత ఊహించగలను. పొడి, చప్పుడు, ఇన్సూరెన్సు. ప్లాస్టిక్ పళ్ళ మీద సాధనే తప్ప ఏ మనిషి నోట్లోనూ మేం చెయ్యి పెట్టం, కాబట్టి లైసెన్సు చిక్కు లేదు. హాలు ఇన్సూరెన్సు ఉన్నవాళ్ళు ఏజెంటుతో ఒకసారి మాట్లాడాలి, ఆ ఫోను నేనే చేసి పెడతాను. “ఎంతమంది ఉంటారు, పదిమంది కోసమా?” అని కూడా అనొచ్చు. పదిమందే అనుకోండి. ఆ పదిమందిలో నలుగురు డాక్టర్లయితే వచ్చే శిబిరంలో మీరు దంతవైద్యుల కోసం వేరే రాష్ట్రం నుంచి పిలిపించుకోనక్కరలేదు. ఆ గది, ఆ సామాను తప్ప డబ్బు అడగడం లేదు, స్కాలర్‌షిప్పు అడగడం లేదు. ఫీజు కోసం తీసుకునే అప్పుకి హామీ సంతకం ఎవరు పెడతారన్నది పెద్ద సమస్యే. మాకు మా ఆడపడుచు భర్త పెట్టారు, అలాంటివాళ్ళు లేనివాళ్ళు ఎందరో ఉన్నారు. కానీ అది సంఘాల చేతిలో ఉన్నది కాదని తెలుసు కాబట్టి దాన్ని ఇందులో కలపడం లేదు.

ఇది చదివే భర్తలకు, అత్తమామలకు కూడా ఒక మాట. పరీక్ష పాసయ్యాక కూడా “ఇంకా చదువుతూనే ఉందా?” అని అడగకండి. ఆమె అప్పుడు చదవడం లేదు, చెక్కుతోంది. పక్కన నిలబడి ఆ పన్ను చేతిలోకి తీసుకుని చూడండి. మా ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. ఆయనకు పళ్ళ గురించి ఏమీ తెలియదు. కానీ బెంచ్ టెస్టుకి ముందు రెండు నెలలు రోజూ రాత్రి స్టాప్‌వాచ్ పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నారు, గంట కాగానే “ఆపు” అనేవారు. పూర్తి కాకపోయినా ఆపించేవారు. ఆ రెండు నెలల్లో నా చెయ్యి వేగం అందుకుంది.

మొదటి శనివారానికి నేను తెచ్చేవి ఇవి: రెండు టైపోడాంట్లు, ఒక మోటారు, హ్యాండ్‌పీస్, నా పాత తల బొమ్మ ఒకటి, క్లాంపులు, చెడిపోయిన పళ్ళున్న హార్లిక్స్ సీసా. ఆ సీసాలో ఏ పన్ను ఎక్కడ పోయిందో చూపిస్తే కొత్తవాళ్ళకు ఒక పూట పాఠం అవుతుంది. ఇర్వింగ్ అక్క కూడా వస్తానంది. శనివారం మధ్యాహ్నం రెండింటికల్లా నా క్లినిక్ పని అయిపోతుంది, మూడింటికి రాగలను. డాలస్ చుట్టుపక్కల సంఘాల్లో ఏది ముందు సరేనంటే అక్కడే మొదలుపెడదాం. మిగతా నగరాలవాళ్ళకు ఏమేం కొనాలో, ఎలా బిగించాలో ఫొటోలతో రాసి పంపుతాను. హాలు తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో చెప్పండి.

ఇట్లు,
మీ శిబిరంలో పేర్లు రాసుకున్న అమ్మాయి